తొంభై లక్షల తాళాలు

టోక్యోలో ఎన్నికలొచ్చాయంటే నాకున్నంత ప్రశాంతత ఇంకెవరికీ ఉండదు. పొద్దున్నే నిషికసాయి స్టేషన్ ముందు అభ్యర్థి తెల్ల గ్లోవ్స్ తొడుక్కుని, తన పేరు రాసిన పట్టీ భుజానికి అడ్డంగా వేసుకుని, వచ్చేపోయేవాళ్లందరికీ నడుం విరిగేలా వంగి దండాలు పెడుతుంటాడు. చేతిలో కరపత్రం పెడుతుంటాడు. నా దగ్గరకు వచ్చేసరికి ఆ చెయ్యి సగం దారిలో ఆగి, గాలిలోనే చిన్న మలుపు తిరిగి, నా వెనక వస్తున్న ముసలావిడ దగ్గరకు వెళ్లిపోతుంది. పదహారేళ్లుగా చూస్తున్నాను, ఒక్కసారి కూడా గురి తప్పలేదు. జపాన్ నాణ్యత అంటే అదీ.

ఆ మొహమాటం పన్నుకు మాత్రం లేదు. నా జీతంలోంచి నివాస పన్ను, పెన్షను, ఆరోగ్య బీమా కోసేటప్పుడు ఎవరి చెయ్యీ గాలిలో మలుపు తిరగదు. నలభై దాటిన దగ్గర్నుంచి వృద్ధుల సంరక్షణ బీమా అని ఇంకో కోత మొదలైంది. అంటే కరపత్రం అందుకున్న ఆ ముసలావిడకు రేపు మంచాన పడితే స్నానం చేయించే ఖర్చులో నాదీ ఓ చెంబెడు ఉంటుంది. శాశ్వత నివాసులకు స్థానిక ఎన్నికల్లో ఓటివ్వడానికి రాజ్యాంగం అడ్డు రాదనీ, ఇవ్వడం ఇవ్వకపోవడం చట్టసభ ఇష్టమనీ 1995లోనే ఇక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. ముప్పై ఏళ్లయింది. చట్టసభకు ఇంకా ఇష్టం పుట్టలేదు. తొందరపెట్టడం మర్యాద కాదని నేనూ ఊరుకున్నాను.

ఓటు లేనివాడికి అభిప్రాయాలు దండిగా ఉంటాయి. ఇంట్లో మాట చెల్లని మామగారు వీధరుగు మీద కూర్చుని ఢిల్లీ దాకా దిద్దేసినట్టు, నేనూ ఈ దేశాన్ని దిద్దుతుంటాను. ఎవరూ అడగలేదు. అయినా చెబుతాను.

2025 జులై 20న ఎగువసభ ఎన్నికలు జరిగాయి. సాన్సెయితో అనే చిన్న పార్టీ ఒక్క దెబ్బకు 14 సీట్లు కొట్టింది. ఆ దెబ్బ వెనకున్న నినాదం "నిహొన్‌జిన్ ఫాస్తో". జపానీయులే ఫస్ట్ అని. నిహొన్‌జిన్ అన్నంతవరకూ అచ్చమైన స్వదేశీ సరుకే. పక్కనున్న ఫాస్తో ఎవరు? ఇంగ్లిష్ నుంచి వలస వచ్చిన మాట. పరాయి మాటల కోసం ప్రత్యేకంగా కేటాయించిన కతకన లిపిలో రాస్తారు దాన్ని. నా పేరు రాసేదీ ఆ లిపిలోనే. విదేశీయుల్ని అదుపులో పెట్టాలని చెప్పే నినాదం మొయ్యడానికి కూడా ఒక విదేశీ కూలీ కావాల్సి వచ్చింది! ఎండలో మైకు ముందు రోజంతా నిలబడే పని, గొంతు పోయే పని. స్థానికంగా ఎవరూ దొరికి ఉండరు.

పోలింగుకు అయిదు రోజుల ముందు, జులై 15న, అప్పటి ప్రధాని ఇషిబా ప్రభుత్వం ఉరుకులు పరుగుల మీద ఒక కొత్త కార్యాలయం తెరిచింది. విదేశీయులతో క్రమబద్ధమైన సహజీవన సమాజాన్ని ప్రోత్సహించే కార్యాలయం. పేరులో సహజీవనం ఉంది గదా అని మొదట సంబరపడ్డాను. దాని ముందున్న "క్రమబద్ధమైన" తర్వాత కనబడింది. శుభలేఖ మీద "పోలీసు బందోబస్తు మధ్య" అని అచ్చేసినట్టు లేదూ? ఇంత చేసినా ఓటర్లు కరగలేదు. అధికార కూటమికి ఆ సభలో మెజారిటీ పోయింది. సహజీవనం మాత్రం ఆఫీసు వేళల్లో కొనసాగుతోంది.

ఆగస్టులో ఇంకో ముచ్చట. జపాన్ అంతర్జాతీయ సహకార సంస్థ నాలుగు ఊళ్లకు నాలుగు ఆఫ్రికా దేశాలతో స్నేహం కలిపి, ఆ ఊళ్లకు "హోంటౌన్" అని ముద్దుపేరు పెట్టింది. కిసరజుకు నైజీరియా, సాంజోకు ఘనా, నగాయికి టాంజానియా, ఇమబరికి మొజాంబిక్. ఆటపాటలు, రాకపోకలు, విందు భోజనాలు, అంతే. హోంటౌన్ అన్న మాట చెవిన పడగానే ఊరికి ఊరే రాసిచ్చేస్తున్నారన్న పుకారు లేచింది. మున్సిపల్ ఆఫీసుల ఫోన్లు తిట్లతో వేడెక్కాయి. సెప్టెంబరు నెల నిండకుండానే పథకాన్ని చాప చుట్టేశారు. ఎన్నికల్లో గెలిపించిందీ ఒక ఇంగ్లిష్ మాటే, పథకాన్ని ముంచిందీ ఒక ఇంగ్లిష్ మాటే. ఈ దేశంలో విదేశీయుల పలుకుబడి నిజంగానే పెరిగిపోయింది.

ఇక జింకల సంగతి. సెప్టెంబరు 22న అధికార పార్టీ అధ్యక్ష పదవికి పోటీ పడుతూ తకాయిచి సనాయె గారు ప్రసంగం మొదలుపెట్టారు. ఆవిడది నారా. అక్కడి జింకలు జగత్ప్రసిద్ధం. ఆ జింకల్ని కాళ్లతో తన్నే విదేశీయులున్నారని ఆవిడ బాధపడ్డారు. ఆధారమేమిటని విలేకరులు అడిగారు. తాను నిర్ధారించుకున్నానన్నారు. అక్టోబరు 4న పార్టీ అధ్యక్షురాలయ్యారు, 21న జపాన్ చరిత్రలో తొలి మహిళా ప్రధాని అయ్యారు. తెలుగువాళ్లకు మాత్రం, లేడిని చూపించి కథను ఎటు తిప్పవచ్చో ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. మారీచుడి కాలం నుంచీ చూస్తున్నాం.

తన్నినవాడు ఎక్కడో ఒకడు ఉండే ఉంటాడు, కాదనను. ఏటా కోట్ల మంది పర్యాటకులు వచ్చే చోట ఒక్క వెధవ కూడా ఉండడనుకోవడం అత్యాశ. నా బాధ అది కాదు. నాకు జింకను చూస్తే అసూయ. 1957లోనే దానికి జాతీయ ప్రాకృతిక సంపద హోదా దక్కింది. అది రోడ్డుకు అడ్డంగా పడుకుంటే కార్లు ఆగుతాయి. తిన్నచోటే పెంట వేస్తే ఎవరూ చెత్త పట్టిక పట్టుకుని వెంటపడరు. పర్యాటకుడి చేతిలో బిస్కెట్టు కనబడితే తల వంచి నమస్కారం పెడుతుంది, అంటే సాంస్కృతికంగా కలిసిపోయే పరీక్షలోనూ పాసైంది. నేనూ పదహారేళ్లుగా తల వంచుతూనే ఉన్నాను. వీసా మార్పులకు, పొడిగింపులకు 4,000 యెన్లున్న రుసుము 2025 ఏప్రిల్లో 6,000 అయింది. జింకకు అదీ లేదు.

లెక్కలు అడుగుతారేమో, ఒకటి చెప్పి ముందుకెళ్తాను. 2005లో ఇక్కడ విదేశీయులు 20 లక్షలు. 2024 చివరికి 37 లక్షల 69 వేలు, జనాభాలో సుమారు మూడు శాతం. ఆ 2005లో విదేశీయుల మీద తేలిన నేరాలతో పోలిస్తే 2024లో తేలినవి సగం కూడా లేవు. మనుషులు దాదాపు రెట్టింపై నేరాలు సగానికి పడిపోతే దాన్ని ఏ నినాదంలో ఇరికిస్తారు? మైకు బండికి పనికిరాని లెక్క.

బియ్యం సంగతి వదిలేస్తే తెలుగువాణ్ణెలా అవుతాను? 2025 మే నెలకు అయిదు కిలోల బియ్యం సగటు ధర 4,285 యెన్లకు ఎక్కింది. ఏడాది కిందటి ధరకు ఇది రెట్టింపు. నిషికసాయిలో మేం ఎక్కువగా సన్న బియ్యం సంచుల మీద బతికేవాళ్లమే అయినా, పక్కింటివాళ్ల కుక్కర్ విజిల్ వినబడనప్పుడు మన అన్నం మాత్రం గొంతు దిగుతుందా? సరిగ్గా ఆ నెల 18న సాగా పట్నంలో వ్యవసాయ మంత్రి ఎతో తకు సభలో నిలబడి, తానెప్పుడూ బియ్యం కొనలేదనీ, అభిమానులు ఇచ్చినవి అమ్ముకునేంత ఉన్నాయనీ సెలవిచ్చారు. ఆ తర్వాత, ఇంట్లో నిండుకున్నప్పుడు తానే వెళ్లి కొంటున్నానంటూ భార్య చీవాట్లు పెట్టిందని కూడా ఆయనే చెప్పారు. 21న రాజీనామా. కిలో రెండు రూపాయల బియ్యం అన్న ఒక్క మాట 1983లో ఒక ప్రభుత్వాన్నే గద్దెనెక్కించిన చోటు నుంచి వచ్చినవాణ్ణి. ఈ ముగింపు నాకు 18నే తెలుసు. ఆ మాటకొస్తే జపాన్‌కూ తెలిసి ఉండాలి. 1918లో తొయామా తీరంలో జాలరి ఆడవాళ్లు బియ్యం ఓడకెక్కనివ్వకుండా అడ్డం పడితే, ఆ మంట దేశమంతా అంటుకుని తెరౌచి మంత్రివర్గమే కూలింది.

ధర ఎందుకు పెరిగిందయ్యా అంటే, 2023లో ఎండలకు గింజ పాడైంది. 1970 ప్రాంతం నుంచి దాదాపు యాభై ఏళ్ల పాటు వరి తగ్గించండి బాబూ అని ప్రభుత్వమే రైతులకు డబ్బిచ్చి మరీ మడులు ఎండబెట్టించింది. పొలంలో దిగే రైతుకు సగటున డెబ్బై ఏళ్లకు అటూ ఇటూ. ఇన్ని కారణాలున్నా జాబితాలో ఇంకొకటి చేరింది: పర్యాటకులు వచ్చి అన్నం ఎక్కువ తిన్నారట. సుషీ తినండి రండి అని ప్రపంచమంతా పోస్టర్లు అంటించింది ఎవరో? పెళ్లికి పిలిచి, పంక్తిలో కూర్చోబెట్టి, విస్తట్లో మెతుకులు లెక్కపెట్టడం మా గోదావరి జిల్లాల్లో అయితే వియ్యాలవారి గొడవ దాకా పోతుంది.

అసలు విషయానికి వస్తాను. 2024లో జపాన్‌లో పుట్టిన పిల్లలు 6 లక్షల 86 వేల మంది. పోయినవాళ్లు 16 లక్షలు. ఏడాదిలో తొమ్మిది లక్షల మంది లోటు. మిగిలేవాళ్ల పేర్ల సంగతీ చెప్పాలి. పెళ్లయితే దంపతులిద్దరికీ ఒకే ఇంటిపేరు ఉండాలని ఇక్కడి చట్టం. ఇదిలాగే సాగితే 2531 నాటికి దేశమంతా సాతో అనే ఒకే ఇంటిపేరు మిగులుతుందని తొహొకు విశ్వవిద్యాలయంలో ఒక ఆర్థికశాస్త్ర ఆచార్యుడు లెక్కకట్టాడు. చట్టం ఎంత వింతదో చూపించడానికి వేసిన లెక్క అది. మన దగ్గర చట్టం లేకపోయినా పెళ్లికూతురి ఇంటిపేరు ఎటు పోతుందో తెలిసిందే కనుక నేను గట్టిగా నవ్వలేకపోయాను.

మనుషులు తరుగుతుంటే చేతులు కావాలి. గమనించండి, నేను చేతులన్నాను. రాత్రి రెండు గంటలకు దుకాణంలో అన్నం పొట్లం వేడిచేసిచ్చే చేతులు, ముసలాయన్ని ఒడుపుగా పక్కకు తిప్పి పడుకోబెట్టే చేతులు, క్యాబేజీ కోసే చేతులు, పరంజా కట్టే చేతులు. ఈ చేతులకు వెనక ఒక మనిషి వేలాడుతూ వస్తాడు, వాడికో పెళ్లాం ఉంటుంది, పిల్లల్ని బడిలో వేస్తాడు, ఆదివారం పూట చేపల పులుసు వండుతాడు. అక్కడే వచ్చింది చిక్కు. అప్పటి ప్రధాని అబే షింజో ఎన్నోసార్లు చెప్పారు, మేం వలస విధానం అవలంబించడం లేదు అని. 2019లో నైపుణ్య కార్మికుల వీసా తెరిచిందీ ఆయన ప్రభుత్వమే. తలుపు తెరిచి, తెరవలేదని చెప్పడం ఒక కళ. వచ్చినవాడు లోపలికి వస్తాడు గానీ, వచ్చినట్టు కాదు.

ఈ కళకు పరాకాష్ఠ 1993లో మొదలైన సాంకేతిక శిక్షణ పథకం. బీద దేశాల యువకులకు జపాన్ నైపుణ్యం నేర్పి, వాళ్ల దేశాభివృద్ధికి పంపించే మహాదాన కార్యక్రమం అని కాగితం మీద. నేర్పిన నైపుణ్యం ఏమిటయ్యా అంటే హిరోషిమాలో ఆల్చిప్పలు ఒలవడం. సముద్రానికి వందల మైళ్ల దూరంలో పుట్టిన కుర్రాడు మూడేళ్లు ఆల్చిప్పలొలిచి ఇంటికెళ్లి దేశాన్ని ఏ వైపు నుంచి అభివృద్ధి చేస్తాడో ఎవరూ అడగలేదు. యజమాని తిట్టినా కొట్టినా మారడానికి సాధారణంగా వీల్లేదు. శిష్యుడు గురువును వదిలి వెళ్తాడా? వెళ్లారు. 2023 ఒక్క ఏడాదిలోనే 9,753 మంది శిష్యులు గురుకులం గోడ దూకి మాయమయ్యారు. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వాళ్లకు ఈ కథ విడమరచి చెప్పాల్సిన పనిలేదు. ఏజెంటు అప్పు, గల్ఫ్‌లో కఫీలు చేతిలో పాస్‌పోర్టు, అన్నీ వాళ్లకు ఇంటి మాటలే. అక్కడ కనీసం దాన్ని విద్యాదానం అనలేదు. 2024లో చట్టం చేసి ఈ పథకాన్ని ఎత్తేస్తున్నారు, 2027లో కొత్తది వస్తుంది. ఈసారి పేరులో శిక్షణతో పాటు ఉద్యోగం అన్న మాట కూడా ఉంది. ముప్పై ఏళ్లకు నిజం సగం దాకా వచ్చింది, జపాన్ రైలు లెక్కన చూస్తే ఇదే అతి పెద్ద ఆలస్యం.

మనకూ పిలుపొచ్చింది. 2025 ఆగస్టు 29న టోక్యోలో రెండు దేశాల ప్రధానులు కూర్చుని, అయిదేళ్లలో ఇటూ అటూ కలిపి అయిదు లక్షల మంది రాకపోకలు సాగించాలనీ, అందులో 50,000 మంది నిపుణులు భారత్ నుంచి జపాన్‌కు రావాలనీ రాసుకున్నారు. అంటే యాభై వేల జతల చేతులు. రండి నాయనా, రండి. ఉద్యోగం దొరుకుతుంది, జీతం టంచనుగా పడుతుంది, రైలు సెకను తేడా లేకుండా వస్తుంది. రాత్రి పడుకోవడం ఎక్కడ అన్నదే ప్రశ్న. అది నేను చెబుతాను.

అమ్మాయి పెద్దదైంది, ఇంకో గది ఉన్న ఇల్లు కావాలనుకున్నాం. ఇళ్లు చూపించే ఏజెంటు దగ్గరకు వెళ్లాను. కుర్రాడు బంగారం. నల్ల సూటు, వంగిన నడుము, వేడి టీ. ఫారంలో నా పేరు రాయడం దగ్గర కొంత యుద్ధం జరిగింది. వెంకట సూర్య సుబ్రహ్మణ్యం కతకనలోకి దిగేసరికి గడులు చాలలేదు, సుబ్రహ్మణ్యం కాస్తా సుబురమనియము అయి మనికీ యముకీ మధ్య రెండో లైనులోకి విరిగిపడ్డాడు. ఇంటిపేరు ముందు, సొంత పేరు తర్వాత రాయడం వాళ్లకూ మనకూ ఒకటే ఆచారం కదా అని నేను చుట్టరికం కలపబోయాను. "సుబు సాన్" అని తేల్చేశాడు. నేను జపనీస్‌లో అన్నిటికన్నా పై మెట్టు పరీక్ష, ఎన్1, పాసయ్యానని చెప్పాను. "జపనీస్ ఎంత బాగా మాట్లాడుతున్నారో!" అన్నాడు. ఈ మాట ఇక్కడ "కొన్నిచివా" అన్నా అంటారు, సుప్రీంకోర్టు తీర్పు మీద గంట ఉపన్యసించినా అంటారు.

ఫోన్ తీశాడు. మొదటి యజమానికి డయల్ చేశాడు. ఇంటి గురించి, ఖాళీ గురించి, వాతావరణం గురించి మాట్లాడి, గొంతు తగ్గించి, "గైకొకుజిన్ నో కతా దెసు గా..." అన్నాడు. విదేశీ గారండీ, అయితే... అని. నా ఉద్యోగం, జీతం, పదహారేళ్ల నివాసం, ఎన్1, ఇవన్నీ ఆ "అయితే" వెనక వరసలో నిలబడి తమ వంతు కోసం చూశాయి. రాలేదు. కుర్రాడు ఫోన్ పెట్టేసి నా వైపు తిరిగి, పళ్ల సందులోంచి గాలి లోపలికి పీల్చాడు. సూ... అని, పాము బుస వెనక్కు తిప్పినట్టు. "చోత్తో..." అన్నాడు.

ఈ చోత్తోకు నిఘంటువులో అర్థం "కొంచెం" అని. కొంచెం ఏమిటి? చెప్పరు. వాక్యం అక్కడితో అయిపోయింది. మన ప్రభుత్వాఫీసుల్లో "పరిశీలనలో ఉంది" అన్న మాటకు ఉన్నంత లోతు దీనికుంది. కాకపోతే మనవాళ్లు ఫైలును పాతిపెడితే వీళ్లు దాని మీద పూలు చల్లి మరీ పాతిపెడతారు.

ఏడు ఫోన్లు చేశాడు, ఏడు బుసలు. ఒకరికి కూర వాసన భయం. ఒకరికి పక్కింటివాళ్లు ఏమంటారోనని. ఒకాయనకు భాష సమస్య. ఆ సమస్య గురించి ఏజెంటు నాకు జపనీస్‌లోనే వివరించాడు, నేను జపనీస్‌లోనే అర్థం చేసుకున్నాను. ఎనిమిదో ఫోన్‌కు కుర్రాడి మొహం వెలిగింది. ఇంటావిడ ఏ దేశం అని అడిగిందట. ఇండియా అన్నాడు. "ఆర్ఆర్ఆర్!" అన్న కేక నాకు కూడా వినబడింది. ఫోన్ నా చేతికిచ్చాడు. 2022 అక్టోబరులో విడుదలైనప్పుడే అయిదుసార్లు చూసిందట. 2024లో తకరజుక వాళ్లు, అదే ఆ ఆడవాళ్ల నాటక బృందం, రాముడూ భీమూ కూడా ఆడవాళ్లే అయి వేసిన సంగీత రూపకానికీ వెళ్లిందట. నాది తెలుగని చెబితే "తెరుగు!" అని ఉక్కిరిబిక్కిరైంది. నాటు నాటు రెండు ముక్కలు పాడింది, నాకన్నా శ్రుతిలోనే. పావుగంట మాట్లాడుకున్నాం. కళ్లు చెమ్మగిల్లాయి, అబద్ధమెందుకు. చివర్లో ఆవిడ గొంతు మెత్తగా తగ్గింది. "ఇల్లు మాత్రం..." సూ... "చోత్తో..."

అడవి బిడ్డ తెర మీద ఎంత దుంకినా సంతోషమే, తన ఇంటి చాప మీద దుంకకూడదు.

ఇప్పుడు 2023 గృహ గణన చూడండి. జపాన్‌లో ఖాళీగా పడి ఉన్న ఇళ్లు 90 లక్షలు. ప్రతి ఏడిళ్లలో దాదాపు ఒకటి. అందులో ఇంచుమించు సగం అద్దెకివ్వడానికని పెట్టినవే. చూరు కూలి, వెదురు పొదలు వంటింట్లోకి మొలిచి, పిల్లులు పురుడు పోసుకుంటున్న ఇళ్లూ మిగతావాటిలో ఉన్నాయి. న్యాయ మంత్రిత్వ శాఖ కోసం జరిగి 2017లో బయటికొచ్చిన సర్వేలో, ఇల్లు వెతికిన విదేశీయుల్లో వందకు 39 మంది, విదేశీయుడన్న కారణంగానే కాదన్నారని చెప్పారు. ఇచ్చేవాళ్లు కూడా ఊరికే ఇవ్వరు. రెయ్‌కిన్ అని ఒకటుంది, తనకు ఇల్లిచ్చినందుకు అద్దెకున్నవాడు యజమానికి చెల్లించే కృతజ్ఞతా దక్షిణ. తిరిగి రాదు. ఆ పైన హామీ ఇచ్చే కంపెనీకి ఒక రుసుము. నేను నెలనెలా అద్దె కడతాననడానికి హామీ కంపెనీ కావాలి. వెదురు పొద మాత్రం ఏ హామీ లేకుండా పదేళ్లుగా కాపురం ఉంటోంది.

ఇలాంటప్పుడు మావాళ్లంతా చేరేది యూఆర్ అనే ప్రభుత్వ అండ ఉన్న సంస్థ అపార్టుమెంట్లలో. అక్కడ హామీదారు అడగరు, దక్షిణ లేదు. నిషికసాయిలో భారతీయులు గుమిగూడిన కథ కూడా అదే. 2000 సంవత్సరం వస్తోందని కంప్యూటర్లు సున్నాలు చూసి జడుసుకుంటే మన ఇంజినీర్లను పిలిపించారు. ఒకటే రైల్లో ఆఫీసుకు వెళ్లొచ్చు, ఇల్లు ఇచ్చేవాళ్లు ఇక్కడున్నారు అని అందరూ ఇక్కడే దిగారు. ఇప్పుడు పండితులు టీవీలో గడ్డం నిమురుకుంటూ అడుగుతారు: ఈ విదేశీయులు ఊళ్లో కలవకుండా అందరూ ఒకే చోట ఎందుకు ముడుచుకుంటారు? ఎనిమిది తలుపులు వేసినవాడే తొమ్మిదో తలుపు దగ్గర రద్దీ గురించి వాపోవడం.

2025 అక్టోబరు 16 నుంచి ఇంకో తలుపు. వ్యాపారం పెట్టుకునే విదేశీయుడికి 50 లక్షల యెన్ల పెట్టుబడి చాలన్నది పోయి, మూడు కోట్లు చూపించమన్నారు. కూర దుకాణం పెట్టుకుని నాన్ కాల్చే నేపాలీ సోదరుడికి మూడు కోట్లు! తెడ్డంత నాన్‌ను చూసి ఇండియా అంటే ఇదేననుకుంటున్న కస్టమర్లకు ఆ దుకాణం మూతపడ్డ రోజున తెలుస్తుంది, తమ ఇండియా కాఠ్మాండూ నుంచి వచ్చేదని.

అన్నీ జపాన్‌వాళ్ల మీదే అన్నానంటే పాపం వస్తుంది. 2025 ఉగాదికి వార్డు హాల్లో మావాళ్లు రెండు వందల మంది చేరాం. పులిహోర పంక్తిలో నా పక్కన కూర్చున్నాయన ఇరవై ఏళ్ల నివాసి. శాశ్వత నివాసం చేతికొచ్చింది, సొంత ఇల్లు కొన్నాడు. అప్పుడు ఎన్నికల మాట ఇంకా మైకెక్కలేదు గానీ, ఆయన అప్పటికే ఎక్కాడు. "కొత్తగా వచ్చేవాళ్లు చెత్త సరిగా వెయ్యట్లేదండీ. మంగళవారం వెయ్యాల్సిన ప్లాస్టిక్ బుధవారం వేస్తున్నారు. రైల్లో ఫోన్లు. పార్కుల్లో క్రికెట్టు. మన పరువు తీస్తున్నారు. రూల్సు బిగించాల్సిందే." ఆకులోని మామిడికాయ ముక్క నా నోట్లో పులిసింది. తాను ఎక్కాక బస్సు తలుపు వేసెయ్యమనేవాడు ఏ దేశంలోనైనా ఉంటాడు, మా పల్లెవెలుగులో అయితే ఫుట్‌బోర్డు మీద నిలబడే అరుస్తాడు. "మీరు వచ్చిన కొత్తలో చెత్త ఎలా వేసేవారు?" అని అడిగాను. ఆయన రసం కోసం అటు తిరిగాడు.

ఇంకో జాతి ఉంది. పది రోజులు తిరిగి వెళ్లి, జపాన్ నుంచి మనం నేర్చుకోవాల్సిన పాఠాలు అని పత్రికలకు రాసేవాళ్లు. బడిపిల్లలు బడి ఊడుస్తారట, రైలు ఇరవై సెకన్లు ముందు కదిలితే క్షమాపణ చెప్పారట. నిజమే, 2017లో చెప్పారు. ఇరవై సెకన్లకు క్షమాపణ అడిగిన సంస్కారం ముప్పై ఏళ్ల ఆల్చిప్పలకు ఏమైందని ఆ పాఠాల్లో ఉండదు. హోటల్లో పడుకున్నవాడికి ఇంటి యజమాని కనబడడు.

ఇక్కడిదాకా రాసేసరికి ఫోన్ మోగింది. హైదరాబాద్ నుంచి మా బావమరిది. నిజాంపేటలో నాకో ఫ్లాటుంది. అద్దె వ్యవహారాలన్నీ వాడే చూస్తాడు. మూడు నెలలుగా ఖాళీ.

"బావా, ఫ్లాటుకు మనుషులొచ్చారు. ముగ్గురు కుర్రాళ్లు. మణిపూర్ వాళ్లట. గచ్చిబౌలిలో ఉద్యోగాలు. అడ్వాన్సు ఇప్పుడే ఇస్తామంటున్నారు. తాళాలు ఇచ్చెయ్యమంటావా?"

"మణిపూరా?"

"అవును బావా. మర్యాదస్తులే. తెలుగు కూడా బానే మాట్లాడుతున్నారు."

"అది కాదురా... వంటదీ..."

"వాళ్ల వంట వాళ్లు చేసుకుంటారు గదా."

"వాసనరా. అసోసియేషన్ వాళ్లు ఏమంటారో. పక్క ఫ్లాటు శాస్త్రిగారసలే..."

"శాస్త్రిగారు పోయి ఏడాదైంది బావా. అది కూడా ఖాళీయే."

కిటికీలోంచి చూస్తే స్టేషన్ ముందు మైకు బండి ఇంకా అరుస్తోంది. నేను పళ్ల సందులోంచి గాలి లోపలికి పీల్చాను.

"ఏంటి బావా ఆ శబ్దం?" అన్నాడు వాడు. "పన్ను నొప్పా?"